పాత పాటకు పాత నాదమే కావాలా?

పాత కృతిని అది పుట్టిన కాలపు వాద్యం మీద, ఆనాటి కమానుతో, ఆనాటి శ్రుతిలో వాయించాలన్న మార్గం పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో 20వ శతాబ్దం నడుమ నుంచి బలపడింది. దాన్ని జీవితకాలపు వృత్తిగా చేపట్టినవారిలో సెల్లో అనే పెద్ద కమాను వాద్యం వాయించేవారు ముందు వరసలో ఉన్నారు. పైకి ఇది సంగీతానికి సంబంధించిన పని. దాని అడుగున ఉన్నది మాత్రం భారతీయ దర్శనాలు శతాబ్దాల పాటు వాదించుకున్న ప్రశ్న: పలికి ఆగిపోయే ధ్వని, పలకకముందూ పలికాకా నిలిచి ఉండే శబ్దం ఒకటేనా? ఒకటి కాకపోతే పూర్వుల నుంచి అందింది ఆ రెంటిలో ఏది? తర్వాతివారికి అప్పగించవలసింది ఏది? కోనసీమలో ఈ ప్రశ్నకు రెండు జవాబులు చాలాకాలంగా ఆచరణలో ఉన్నాయి. ఒకటి అగ్రహారాల వేదాధ్యయనం, రెండోది త్యాగరాజ శిష్యపరంపర. వాటి పక్కన నిలిపి చూస్తే సెల్లో వాద్యకారుడి పట్టుదల అర్థమవుతుంది, దాని పరిమితీ తెలుస్తుంది.

18వ శతాబ్దపు జర్మన్ స్వరకర్త బాఖ్ కాలపు సెల్లోకూ నేటి సెల్లోకూ తేడా వినగానే తెలుస్తుంది. నేటి వాద్యానికి ఉక్కు తీగలు, నేలకు ఆనే ఇనుప కాడ ఉంటాయి. నాటి వాద్యానికి పేగు తీగలు ఉండేవి. నేలకు ఆన్చకుండా పిక్కల మధ్య ఇరికించి పట్టుకునేవారు. కమాను బయటికి వంగి ఉండేది. దాని గీతకు మొదలు బలంగా, చివర పలచగా వచ్చే గుణం సహజంగానే ఉండేది. లోపలికి వంగిన కమానును టూర్ట్ అనే ఫ్రెంచ్ కళాకారుడు 1785 ప్రాంతంలో స్థిరపరిచాడు. నేలకు ఆన్చే కాడను వ్యాప్తిలోకి తెచ్చినవాడు 19వ శతాబ్దపు బెల్జియం వాద్యకారుడు సెర్వే. పెద్ద సభామందిరాలు, పెద్ద వాద్యబృందాలు వచ్చాక నాదం దూరం పోవలసి వచ్చింది. ఈ మార్పులన్నీ ఆ అవసరం తీర్చాయి. నష్టపోయింది పలుకు. పేగు తీగ మీద ప్రతి స్వరానికీ హల్లులాంటి ఒక ఆరంభం ఉంటుంది. ఉక్కు తీగ దాన్ని నున్నగా చేసేస్తుంది.

ఈ నష్టాన్ని మొదట పట్టించుకున్నవారిలో నికొలాస్ హార్నన్‌కోర్ట్ ఒకడు. 1929లో బెర్లిన్‌లో పుట్టి ఆస్ట్రియాలో పెరిగాడు. 1952లో వియన్నా సింఫనీ ఆర్కెస్ట్రాలో సెల్లో వాద్యకారుడిగా చేరాడు. మరుసటి ఏడే భార్య ఆలిస్‌తో కలిసి పాత వాద్యాల బృందం కాన్‌సెంటుస్ మూజికుస్‌ను స్థాపించాడు. బృందం బహిరంగ కచేరీలు ఇచ్చింది 1957లో. అంతవరకూ పాత గ్రంథాలు చదవడం, పాత వాద్యాలు సేకరించడం, వాటిని పట్టుకోవడం నేర్చుకోవడం మాత్రమే సాగింది. 1969 దాకా ఆర్కెస్ట్రా ఉద్యోగం కూడా కొనసాగింది. వేరొకరి చేతి సైగకు ఉక్కు తీగల మీద వాయించడం, ఇంట్లో పేగు తీగల మీద మళ్లీ ఓనమాలు దిద్దుకోవడం, రెండూ పదహారేళ్లు పక్కపక్కనే నడిచాయి. ఇది కేవలం అభిరుచి అయితే అంత ఓర్పు నిలవదు.

ఆనర్ బిల్స్మా (1934–2019) వృత్తి జీవితం మరింత ఆలోచింపజేస్తుంది. ఆయన హేగ్ నగరంలో పుట్టాడు. గురువు కారెల్ వాన్ లేవెన్ బోమ్‌కాంప్ పాత వాద్యాలు సేకరించినవాడు. బిల్స్మా 1959లో సెల్లో వాద్యకారుడు పాబ్లో కసాల్స్ పేరిట మెక్సికోలో జరిగిన పోటీలో ప్రథమ బహుమతి గెలిచాడు. 1962 నుంచి 1968 వరకు ఆమ్‌స్టర్‌డామ్ కన్సర్ట్‌ఖెబౌ ఆర్కెస్ట్రాలో సెల్లోలకు నాయకుడు. యూరప్‌లో ఒక సెల్లో వాద్యకారుడు కోరుకోగల స్థానాల్లో అది ఒకటి. దాన్ని వదిలి వేణువు వాయించే ఫ్రాన్స్ బ్రుఖెన్, హార్ప్సికార్డ్ వాయించే గుస్టావ్ లియోన్‌హార్ట్‌లతో కలిసి పాత సంగీతంలోకి దిగాడు. 1979లో ఒంటరి సెల్లోకు బాఖ్ రాసిన ఆరు సూట్లనూ (నృత్యగతుల కృతిమాలలను) 17వ శతాబ్దం చివరి గోఫ్రిల్లర్ సెల్లో మీద రికార్డు చేశాడు. ఆరో సూట్ అయిదు తీగల వాద్యానికి రాసింది కనుక దానికి అలాంటి చిన్న సెల్లోనే వాడాడు. నాలుగు తీగల సెల్లో మీద ఆ సూట్ వాయించేటప్పుడు వినిపించే పెనుగులాట ఇందులో ఉండదు. ఆ పెనుగులాటను బాఖ్ ఉద్దేశంగా భావించి మెచ్చుకున్నవారు అంతకుముందు తరాల్లో ఎందరో.

బిల్స్మా ముందున్న అసలు చిక్కు వాద్యం కాదు, రాతప్రతి. 1720 ప్రాంతంలో పుట్టిన ఈ సూట్లకు బాఖ్ స్వహస్త ప్రతి దొరకలేదు. మిగిలిన 18వ శతాబ్దపు ప్రతుల్లో ముఖ్యమైనది ఆయన భార్య ఆనా మాగ్దలేనా రాసినది. ఒక గీతలో ఎన్ని స్వరాలు కలిపి వాయించాలో చూపే వంపు గుర్తులు అందులో సమంగా లేవు. ఒకేలాంటి సంగతి ఒకచోట ఒక విధంగా, ఇంకోచోట మరో విధంగా ఉంటుంది. సంపాదకులు చాలాకాలం వాటిని ఆమె తొందరపాటుగా తీసేసి సరిచేశారు. బిల్స్మా 1998లో రాసిన పుస్తకంలో ఆ ఎగుడుదిగుడులను ఉన్నవి ఉన్నట్టుగా వాయించి చూడాలని వాదించాడు. తప్పని తోచినదాన్ని దిద్దేముందు దానికి లోబడి చూడాలన్న ఈ నియమం సంగీత పాండిత్యం కంటే ధార్మిక క్రమశిక్షణకు దగ్గరగా ఉంది. నకలు రాసిన భార్య చేతిని నమ్మకపోవడంలో పండితుల అహం కూడా కొంత ఉందనిపిస్తుంది.

ఇక ప్రశ్న. కృతి అంటే ఏది? మీమాంసకులు శబ్దం నిత్యమన్నారు. ఉచ్చారణ దాన్ని పుట్టించదు, వెల్లడి చేస్తుంది. ఒకడు 'గో' అని ఎనిమిదిసార్లు పలికితే లోకం ఒకే శబ్దాన్ని ఎనిమిదిసార్లు పలికాడంటుంది గాని ఎనిమిది 'గో' శబ్దాలు పుట్టాయనదు. నైయాయికులు దీనికి ఒప్పుకోలేదు. శబ్దానికి పుట్టుక ఉంది, చెవికి అందుతుంది, ఆగిపోతుంది, కనుక అనిత్యం అన్నారు. తెలుగునాట పుట్టిన అన్నంభట్టు తర్కసంగ్రహంలో శబ్దాన్ని భేరి మొదలైనవాటి నుంచి వచ్చే ధ్వనిరూపం, భాషలో వినిపించే వర్ణరూపం అని రెండుగా విడదీశాడు. సంగీతం ఈ విభజనలో ఇమడదు. వాద్యధ్వని భేరీధ్వనిలా పుడుతుంది, అయినా 'అదే కృతి మళ్లీ వాయించాడు' అంటాం. ధ్వనిగా అనిత్యం, కృతిగా నిత్యం.

ఈ ముడి విప్పడానికి పనికొచ్చే పనిముట్టు వ్యాకరణవేత్త భర్తృహరి వాక్యపదీయంలో ఉంది. స్ఫోటాన్ని, అంటే నిలిచి ఉండే శబ్దాన్ని, వెల్లడి చేసే ధ్వనిని ఆయన రెండుగా చెప్పాడు. ప్రాకృత ధ్వని లేకపోతే శబ్దం గుర్తు పట్టరాదు. అచ్చు హ్రస్వమా దీర్ఘమా అన్నది దానిలో చేరుతుంది. వైకృత ధ్వని ఆ తర్వాతది. వేగంగా చదివినా, మెల్లగా చదివినా, మధ్యమంగా చదివినా శబ్దం మారదు, మారేది వైకృతం. పాత సంగీతం గురించిన వివాదమంతా ఈ గీత ఎక్కడ గీయాలన్నదాని మీదే నడుస్తోంది. ఉక్కు తీగల సెల్లో మీద వాయించినా బాఖ్ సూటే అనేవారు తీగ లోహాన్ని, కమాను వంపును, శ్రుతిని వైకృతంలో వేస్తారు. హార్నన్‌కోర్ట్, బిల్స్మా చేసిన పని ఆ గీతను జరపడం. పలుకు తీరు మారితే వాక్యం మారుతుందని, అయిదో తీగ పోతే కృతి నిర్మాణమే మారుతుందని వారు చూపించారు. అంతవరకు వారి పక్షం బలమైనది.

శ్రుతి దగ్గరికి వచ్చేసరికి అదే పక్షం బలహీనపడుతుంది. 1939లో లండన్‌లో జరిగిన సమావేశం 'ఎ' స్వరానికి సెకనుకు 440 కంపనాలు ప్రమాణంగా నిర్ణయించింది. పాత సంగీతం వాయించేవారు 415 పెట్టుకుంటారు. అది నేటి ప్రమాణానికి ఒక అర్ధస్వరం కింద ఉండే అనుకూలమైన ఒప్పందం. బాఖ్ కాలంలో ఊరికో శ్రుతి, ఒక్కో చర్చి ఆర్గన్‌కు ఒక్కో శ్రుతి ఉండేవి. ప్రపంచమంతటా ఒకే 415 అన్నది ఆనాటి వాస్తవం కాదు, ఈనాటి సౌకర్యం. అమెరికన్ సంగీత చరిత్రకారుడు రిచర్డ్ టరస్కిన్ 1995లో తన వ్యాసాలను పుస్తకంగా తెచ్చినప్పుడు ఈ లోపాన్నే పెద్దది చేసి చూపాడు. వేగం, తేలిక, శుభ్రత కోరే ఈ నాదం 18వ శతాబ్దానిది కాదని, 20వ శతాబ్దపు అభిరుచి పాత వేషం వేసుకుందని ఆయన అభియోగం. ఆయన తానే పాత వాద్యమైన వియోలా ద గంబా వాయించినవాడు కనుక అది బయటివాడి మాటగా కొట్టివేయడానికి వీల్లేదు. ఆయన మాటలో నిజం ఉంది. అయినా దానివల్ల అయిదో తీగ అనవసరమైపోదు.

ధ్వనిని చెక్కు చెదరకుండా కాపాడామని చెప్పుకోగల సంప్రదాయం లోకంలో ఒకటి ఉంటే అది వేదపఠనం. కోనసీమ అగ్రహారాల్లో అధ్యయనం కృష్ణయజుర్వేద తైత్తిరీయ శాఖది. ఇక్కడి ఆహితాగ్ని (యజ్ఞాగ్నులను నిలుపుకునే) కుటుంబాల జీవితం మీద అమెరికన్ పండితుడు డేవిడ్ నైప్ ఒక గ్రంథం రాశాడు, అది 2015లో వెలువడింది. పఠన పద్ధతుల్లో సంహిత, పదం, క్రమం దాటాక జట, ఘన వస్తాయి. ఘనలో రెండు పదాలను ముందుకీ వెనక్కీ, తర్వాత మూడు పదాలను ముందుకీ వెనక్కీ మళ్లీ ముందుకీ చెప్పి, ఒక పదం జరిగి మళ్లీ మొదలుపెడతారు. అలా నడిచేటప్పుడు నడుమ ఉన్న ప్రతి పదమూ మొత్తం 13 సార్లు నోట పలుకుతుంది. ఒక్క స్వరం జారినా ఎక్కడో ఒకచోట పొసగక పట్టుబడుతుంది. స్వరం తప్పితే ఏమవుతుందో చెప్పే కథ తైత్తిరీయ సంహితలోనే ఉంది. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని త్వష్ట హోమం చేసి, ఉదాత్తం తప్పు చోట పెట్టాడు. సమాసం అర్థం తలకిందులై, పుట్టిన వృత్రుడే ఇంద్రుడి చేతిలో చచ్చాడు. ఇక్కడ స్వరం అలంకారం కాదు. అది ప్రాకృత ధ్వనిలో భాగం.

ఇంత కట్టుదిట్టమైన సంప్రదాయం కూడా అన్నింటినీ కాపాడాలని పూనుకోలేదు. ఉదాత్త అనుదాత్త స్వరితాల మధ్య సంబంధం మారకూడదు. పఠించేవాడి ఆధారశ్రుతి ఎంతైనా కావచ్చు. అచ్చుల మాత్రలు లెక్క ప్రకారం ఉండాలి. కంఠం నాణ్యతకు కొలత లేదు. అంటే కాపాడడమంటే ముందుగా ఎంచుకోవడం. రాతప్రతి విషయంలోనైతే వేదపండితుడూ సెల్లో వాద్యకారుడూ ఎదురెదురు దిక్కుల్లో నిలబడతారు. పాణినీయ శిక్ష అధమ పాఠకుల్ని ఆరుగురిగా లెక్కించింది. రాసుకున్నది చూసి చదివేవాడు వారిలో ఒకడు, రాగం తీసి పాడేవాడు మరొకడు. బిల్స్మాకు కాగితమే ప్రమాణం. నేర్పగల నోరు ఆయన కాలానికి మిగల్లేదు. ఘనపాఠికి నోరే ప్రమాణం, ఎందుకంటే అది తెగలేదు. దీనికి చెల్లించిన వెల కూడా చెప్పవలసి ఉంది. ఆ నోటి గొలుసు స్త్రీలనూ ఇతర కులాలనూ బయట ఉంచి నిలబడింది.

నాదం ఎలా ఉండాలన్న ప్రశ్న గొలుసు తెగినచోటే లేస్తుంది. తెలుగువారి సంగీతంలో అలా తెగినచోటు అన్నమయ్య. తాళ్లపాక అన్నమాచార్యుడి (1408–1503) సంకీర్తనలు తిరుమల గుడిలో సంకీర్తన భాండారంలో రాగిరేకుల మీద వేల సంఖ్యలో దొరికాయి. రేకు మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. స్వరలిపి లేదు. పాడే పరంపర చాలావరకు తెగిపోయింది. 20వ శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు ఆ సాహిత్యాన్ని పరిష్కరించారు. రాళ్లపల్లి, ఆ తర్వాత నేదునూరి కృష్ణమూర్తి తదితరులు వరుసలు కట్టారు. నేడు ఇంటింటా అన్నమయ్య పాటగా వినిపించేది చాలావరకు 15వ శతాబ్దపు సాహిత్యం, 20వ శతాబ్దపు సంగీతం.

రాగం పేరుంది కదా, ఆ రాగంలోనే కడితే సరిపోదా అన్న ప్రశ్నకు ముఖారి చక్కని జవాబు. విజయనగర సామ్రాజ్యంలో అళియ రామరాయల ఆదరణలో రామామాత్యుడు 1550లో స్వరమేళకళానిధి రాశాడు. అన్నమయ్య పోయి అప్పటికి అర్ధశతాబ్దం కూడా కాలేదు. అందులో ముఖారి మేళానికి అన్నీ శుద్ధస్వరాలే. నేటి లెక్కలో అది కనకాంగికి సమానం. నేటి ముఖారి ఖరహరప్రియ జన్యం. రెంటికీ పేరొక్కటే, నాదం వేరు. రేకు మీద ముఖారి అని ఉన్న పాటను నేటి ముఖారిలో పాడేవాడు మాటకు కట్టుబడ్డాడు, నాదానికి కాదు. కనకాంగిలో పాడేవాడు నాదానికి దగ్గర కావచ్చు, కానీ నేటి శ్రోతకు అది ప్రయోగంగా వినిపిస్తుందే తప్ప మొరగా వినిపించదు. వీణ కూడా అదే వీణ కాదు. 24 మెట్లు స్థిరంగా ఉన్న నేటి వీణ 17వ శతాబ్దం తొలినాళ్లలో తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో కుదురుకుందని చెబుతారు. అన్నమయ్యను ఆనాటి మేళాల్లో, ఆనాటి మెట్ల అమరికలో పాడి వాయించి చూసే పూనిక ఎవరైనా జీవితకాలపు పనిగా పెట్టుకోదగ్గది. హార్నన్‌కోర్ట్ బృందం కచేరీకి ముందు గడిపిన ఏళ్ల వంటివి దానికి కావాలి. భక్తికి అది అవసరమా అంటే కాదు. రాళ్లపల్లి వరుసలో పాడినా పాట వేంకటేశ్వరుడికి చేరుతుందని నమ్మేవారి నమ్మకానికి లోటు లేదు. అయితే అన్నమయ్య విన్నది ఏమిటని ఒక్కసారైనా అడగకపోవడం ఆయనకు చేసే అన్యాయం.

తెగని గొలుసుకు వేరే చిక్కు ఉంది.  కోనసీమలో రాజోలు వైపు శంకరగుప్తం ఉంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930 జూలై 6న అక్కడ పుట్టారు. ఆయన గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. పంతులు గారి గురువు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి, ఆయన గురువు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన గురువు త్యాగరాజు (1767–1847). ఇలాంటి గొలుసు ఉన్నవాడికి త్యాగరాజ కృతి ఎలా పాడాలన్నది పరిశోధన చేసి తేల్చుకోవలసిన విషయంగా అనిపించదు. నేర్చుకున్నట్టే పాడతాడు. కానీ ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం, వాలాజాపేట శిష్యపరంపరల్లో ఒకే కృతికి పాఠాంతరాలు ఉన్నాయి. అన్నీ తెగనివే, అన్నీ నమ్మదగినవే. తెగని గొలుసు మారుతూనే ఉంటుంది. లోపల ఉన్నవాడికి ఆ మార్పు కనబడదు.

వాద్యం విషయంలో కర్ణాటక సంప్రదాయం చూపిన నిశ్చింత యూరప్‌వారికి ఆశ్చర్యం కలిగిస్తుంది. వయొలిన్ పుట్టిన యూరప్ కోనసీమ తీరానికి ముందే తెలుసు: అల్లవరం మండలంలోని బెండమూర్లంకలో 18వ శతాబ్దంలో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం ఉండేది. 1757లో ఫ్రెంచ్ సేనాని బుస్సీ ఆ స్థావరాన్ని వశపరచుకున్నాడు. బాఖ్ చనిపోయి అప్పటికి ఏడేళ్లు. హార్నన్‌కోర్ట్ తరువాత వెతికిన పేగు తీగల నాదం, వంపు కమాను, యూరప్‌లో ఇంకా మామూలు వాడుకలో ఉన్న రోజులవి. కర్ణాటక సంగీతంలోకి వయొలిన్ ఈ తీరం నుంచి కాక, తర్వాతి తరంలో మద్రాసు ప్రాంతంలో బాలుస్వామి దీక్షితులు వంటివారి చేతుల మీదుగా వచ్చింది. వచ్చాక కింద కూర్చుని, వాద్యం తలను కుడి పాదం మీద ఆన్చి, తీగలను షడ్జ పంచమాలకు శ్రుతి చేసి గమకాలు పలికించారు. దాని పుట్టినింటి పద్ధతి ఏమిటని ఎవరూ అడగలేదు. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో చేరిన ద్వారం వెంకటస్వామినాయుడు ఆ పరాయి వాద్యానికి తెలుగునాట సొంత గొంతు ఇచ్చాడు. బాలమురళి సెల్లోకు దగ్గరి బంధువైన వియోలాను కచేరీలో ఒళ్లోకి తీసుకున్నారు. ఈ సంప్రదాయంలో వాద్యం వైకృతం, గమకం ప్రాకృతం.

హార్నన్‌కోర్ట్, బాలమురళి దాదాపు సమవయస్కులు, ఇద్దరూ 2016లోనే కన్నుమూశారు. తెగిన గొలుసును అతుకుతూ ఒకరు పాతదాని వైపు నడిచారు. తెగని గొలుసు చేతిలో ఉన్న రెండోవారు దాన్నుంచి కొత్తదారి తీశారు. 72 మేళకర్తల్లోనూ కృతులు రచించారు, మహతి, లవంగి వంటి నాలుగు స్వరాల రాగాలు ప్రకటించారు. వీణ విద్వాంసుడు ఎస్. బాలచందర్ వాటి మీద బహిరంగంగా వాదానికి దిగారు. ఇద్దరిలో సంప్రదాయవాది ఎవరో, విప్లవవాది ఎవరో తేల్చడం కష్టం. 1960లలో వియన్నా శ్రోతలకు బాఖ్‌ను బాఖ్ కాలపు నాదంతో వినిపించడమే తిరుగుబాటు.

కోనసీమలో చదివే తైత్తిరీయ సంహిత బ్రాహ్మణుడు మూడు ఋణాలతో పుడతాడంటుంది. దేవఋణం యజ్ఞంతో, పితృఋణం సంతానంతో, ఋషిఋణం బ్రహ్మచర్యంతో, అంటే వేదాధ్యయనంతో తీరుతాయి. ఈ మాటను ఆ కులం పరిధి దాటించి చూస్తే పాత సంగీతం వాయించేవాడి స్థితికి సరిపోతుంది. అతను చనిపోయిన ఒక మనిషికి బాకీ ఉన్నాడు. నైయాయికుడు చెప్పినట్టు ఆనాటి ధ్వని పుట్టి పోయింది, దాన్ని తిరిగి ఇవ్వలేడు. ఇవ్వగలిగింది అధ్యయనం. బిల్స్మా ఆనా మాగ్దలేనా వంపు గుర్తులకు లోబడడం, ఘనపాఠి పదమూడుసార్లు పదాన్ని తిప్పడం, రాళ్లపల్లి రేకు మీది రాగనామాన్ని ఆధారం చేసుకోవడం మూడూ ఆ అప్పు తీర్చే తీరులే. పేగు తీగలు బిగించి ఆ అధ్యయనం చేయనివాడు, ఉక్కు తీగల మీద ఆ అధ్యయనం చేసినవాడు, ఈ ఇద్దరిలో బాకీ తీర్చినవాడు రెండోవాడే.

రికార్డింగు వచ్చాక ప్రశ్న మరో మలుపు తిరిగింది. పాబ్లో కసాల్స్ 1936–39 మధ్య రికార్డు చేసిన బాఖ్ సూట్లు, విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనిలో బాలమురళి పాడిన పాటలు నిలిచి ఉన్నాయి. చరిత్రలో మొదటిసారి నాదానికి నాదం నకలు చేయడం సాధ్యమైంది. అయినా కసాల్స్‌ను ఊపిరితో సహా అనుకరించేవాణ్ణి కసాల్స్ వారసుడని ఎవరూ అనరు. బిల్స్మా 1992లో అవే సూట్లను మళ్లీ రికార్డు చేశాడు. ఈసారి ఎంచుకున్నది 1701 నాటి పెద్ద స్ట్రాడివారి సెల్లో. నేలకు ఆన్చే కాడను వ్యాప్తి చేసిన సెర్వే ఒకప్పుడు వాయించినది అదే. గీతల వరుస, నడక, నాదం 1979 నాటివాటికి భిన్నంగా వచ్చాయి. రెండుసార్లూ ముందు పెట్టుకున్న కృతి మాత్రం ఒకటే.